పుట్ట కట్టే చెద, పుట్ట లేని చెద: వేరుశనగను తింటున్నది ఏది?

చీపురుపల్లి_మెట్ట: గట్టు మీది పుట్టలో మందు పోసినా చేలో మొక్కలు వాడుతూనే ఉంటే ఏటండీ కారణం?

ఉద్దానం_జీడి: వాడిన మొక్కను పీకి తల్లివేరు నిలువునా చీల్చండి. లోపల డొల్లయి మట్టి కూరి ఉంటే మైక్రోటెర్మిస్ ఒబెసి అనే చెదను అనుమానించాలి. దానికి పుట్ట ఉండదు. చెదలు తిండికి బూజు పెంచే గదులు దీనికి చిన్నచిన్నవి, భూమిలో చెదురుమదురుగా ఉంటాయి. గట్టు మీది పెద్ద పుట్ట ఒడొంటోటెర్మిస్ ఒబీసస్ అనే మరో చెదది. పేర్లు దగ్గరగా ఉన్నాయి గానీ గూళ్లు వేరు. ఒకదాని గూటిని మందుతో ముంచితే రెండోదానికి ఏమీ కాదు.

భూతద్దం: గూటి పనులు చేసే కూలి చెదను చూసి పోల్చుకోలేరు, గూటిని కాపాడే సైనిక చెద కావాలి. తెల్ల కాగితం మీద వేసి పది రెట్ల భూతద్దంతో దవడలు చూడండి. ఒడొంటోటెర్మిస్‌కు ఎడమ దవడ లోపలి అంచున పన్ను స్పష్టంగా కనిపిస్తుంది. మైక్రోటెర్మిస్ దవడలు సన్నగా ఉంటాయి, అలాంటి పన్ను కనబడదు, తల కూడా బాగా చిన్నది.

చీపురుపల్లి_మెట్ట: కాయల మీద ఈనెలు మిగిలి, మధ్య మెత్తటి భాగం గీకేసినట్టు ఉంటే?

ఉద్దానం_జీడి: అది ఎక్కువగా ఒడొంటోటెర్మిస్ పని. పెంకు పలచబడిన కాయలోకి ఆస్పర్‌జిల్లస్ బూజు చేరి విషం తయారవుతుంది. అలాంటివి ఏరి పక్కన పెట్టాలి, పశువుల దాణాలోనూ కలపకండి. నేల ఎండి, కోత ఆలస్యమైతే గీకుడు పెరుగుతుంది.

భూతద్దం: పుట్ట బతికుందో లేదో ముందు చూసుకోండి. అరచేయంత పెళ్ల తీసి వదిలేయండి. మర్నాటికి తడిమట్టితో మూసుకుంటే బతికున్నట్టే. లోపలి బూజు తెట్టె స్పాంజిలా ఉండి, దాని మీద గుండుసూది తలంత తెల్లటి ముత్యాలుంటాయి. చెదలు పోయిన తెట్టె నుంచి జైలేరియా అనే వేరే బూజు కాడల్లా పైకొస్తుంది. బతికున్నప్పుడు దాన్ని అణిచి ఉంచేది చెదలే. అన్నట్టు, నాగులచవితికి పాలు పోసే పుట్ట కట్టేదీ చెదలే, పాము తర్వాత చేరుతుంది. పాత పుట్టలో చేయి పెట్టకండి.

మెట్ట_సేద్యం: పుట్ట లేనిదానికి విత్తనశుద్ధే దారి. క్లోరిపైరిఫాస్ 20 ఈసీ (20 శాతం పురుగుమందున్న ద్రవం) అయితే కిలో గింజలకు 6.5 మి.లీ. చేతి తొడుగులు వేసుకుని, టార్పాలిన్ మీద గింజల్ని దొర్లించాలి. చేత్తో రుద్దితే పొర ఊడి మొలక దెబ్బతింటుంది. నీడలో ఆరబెట్టాకే విత్తండి. పచ్చి పెంట చేలో వేస్తే మాత్రం చెదను పిలిచి భోజనం పెట్టినట్టే, బాగా చివికిన ఎరువే తోలండి.