‘ఉప ఎన్నిక’లో ఉప ఏమిటి? విడిగా రాయాలా, కలిపి రాయాలా?

విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి ప్రశ్న (జవాబులూ మన ఊరి పేటల పేర్లతోనే):
గ్రూపులో ప్రూఫులు దిద్దేవాళ్లు, వ్యాకరణం చెప్పేవాళ్లు ఉన్నారు కదా, కాస్త తేల్చండి. శాసనసభ్యుడి సీటు ఖాళీ అయితే జరిగేది ‘ఉప ఎన్నిక’. దీన్ని విడిగా రాయాలా, కలపాలా? ఒకచోట ‘ఉపెన్నిక’ అనీ, మరోచోట ‘ఉపైన్నిక’ అనీ కనిపించింది. ఉపముఖ్యమంత్రి అంటే ముఖ్యమంత్రి తర్వాతి స్థానం. మరి ఉప ఎన్నికలో నెగ్గినవారు ఎవరికి తర్వాత? నా దగ్గర ఉన్న వాక్యం ఇది: ‘ఎమ్మెల్యే రాజీనామాతో ఆరు నెలల్లో మధ్యంతర ఎన్నికలు రానున్నాయి.’ ఇందులో తప్పులుంటే చెప్పండి.

సీతమ్మధార:
‘ఉపైన్నిక’ ముమ్మాటికీ తప్పు. ఏక, ఏక కలిసి ఏకైక అయినట్టు ఇదీ అవుతుందనుకుని రాస్తున్నారు. అది వృద్ధిసంధి, అంటే ‘అ’కు ‘ఏ’ కలిస్తే ‘ఐ’ రావడం. రెండు పదాలూ సంస్కృతమైతేనే జరుగుతుంది. ఎన్నిక అచ్చతెలుగు మాట. సంస్కృతంలో అసలు హ్రస్వ ‘ఎ’ లేదు, ఇక వృద్ధి ఎక్కడిది! ‘ఎన్ను’ అంటే లెక్కించు, ఎంచు. ‘ఎన్నదగినవాడు’ అన్నప్పుడు వినిపించేది అదే. లెక్కపెట్టడం, ఎంచుకోవడం రెండూ ఒక్క ధాతువులోనే ఇమిడి ఉండటం ఎంత బాగుందో చూడండి.

‘ఉపెన్నిక’ను మాత్రం తప్పనలేం. ‘అత్తునకు సంధి బహుళంబుగా నగు’ అన్నారు చిన్నయసూరి. అత్తు అంటే హ్రస్వ ‘అ’. బహుళం కాబట్టి చేయొచ్చు, మానొచ్చు. నేనైతే మానమంటాను. శీర్షికలో చూపు పరుగెత్తేటప్పుడు ‘ఉపెన్నిక’ ఉప్పెనలా కనబడుతుంది. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో ఆ మాట గుండె ఝల్లుమనిపిస్తుంది. కలిపి ‘ఉపఎన్నిక’ అని రాస్తే మాట మధ్యలో అచ్చు పడుతుంది. తెలుగు రాతకు అది నప్పదు. అందుకే జాగా వదిలి ‘ఉప ఎన్నిక’. ఉపోత్పత్తిలో ఆ చిక్కు లేదు, అక్కడ ఉప, ఉత్పత్తి రెండూ సంస్కృతమే కనుక ‘అ’, ‘ఉ’ కలిసి ‘ఓ’ అయ్యే గుణసంధి హాయిగా కుదిరింది.

అక్కయ్యపాలెం:
మాస్టారూ, అర్థం సంగతి నేను చెబుతాను. ‘ఉప’ అంటే ఎప్పుడూ కింది స్థాయే కాదు. ఉపకంఠంలో దగ్గర అని అర్థం. ఉపనదిలో పెద్దదానితో కలిసేది అని. ఉప ఎన్నికలో ఉప ఈ రెండో కోవలోది. సాధారణ ఎన్నికలు ఇచ్చిన పదవీకాలంలో వచ్చి కలుస్తుంది, ఆ కాలంతోనే ముగుస్తుంది. నెగ్గినవారికి కొత్తగా ఐదేళ్లు రావు, మిగిలిన కాలమే వస్తుంది. తేడా అదొక్కటే. పోటీ చేసేవారు కట్టే ధరావతు (డిపాజిట్) అదే, అసెంబ్లీకి 10,000 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 5,000. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే ధరావతు పోయేదీ అంతే. సభలో ఓటు విలువలో వెంట్రుకవాసి తేడా ఉండదు.

ఇక మీ వాక్యం. ‘మధ్యంతర’ తీసేయండి. గడువు తీరకముందే సభ రద్దయి, అన్ని స్థానాలకూ జరిగితే మధ్యంతర ఎన్నికలు. ఒక్క సీటుకైతే ఉప ఎన్నిక, అదీ ఏకవచనంలో. ‘ఉప ఎన్నికలు జరిగింది’ అని రాసేవాళ్లూ ఉన్నారు, జాగ్రత్త. ఒక బూత్‌లో మళ్లీ ఓట్లు వేయిస్తే అది రీపోలింగ్, దాన్నీ ఇందులో కలపకండి.

గాజువాక:
అసలు తప్పు ‘రాజీనామాతో’ దగ్గర ఉంది. రాజీనామా లేఖ ఇవ్వగానే సీటు ఖాళీ కాదు. రాజ్యాంగం 190వ అధికరణ ప్రకారం స్పీకర్ ఆమోదించాలి. ఆ లేఖ ఇష్టపూర్వకంగా ఇచ్చిందేనా, నిజమైనదేనా అని చూసుకునే అధికారం ఆయనది. ఆరు నెలల గడువు ఖాళీ ఏర్పడిన రోజు నుంచి లెక్క. ప్రజాప్రాతినిధ్య చట్టం 151ఏ సెక్షన్ చెప్పేది ఇదే. మిగిలిన పదవీకాలం ఏడాదిలోపే ఉంటే ఆ గడువు వర్తించదు.

మన ఊరి సంగతే చూడండి. ఉక్కు కర్మాగారం ప్రైవేటీకరణను వ్యతిరేకిస్తూ విశాఖ ఉత్తర ఎమ్మెల్యే గంటా శ్రీనివాసరావు 2021 ఫిబ్రవరిలో రాజీనామా ఇచ్చారు. ఆమోదం 2024 జనవరిలో వచ్చింది. మే నెలలో సాధారణ ఎన్నికలే జరిగాయి, ఉప ఎన్నిక లేదు. ‘రాజీనామా చేశారు’, ‘సీటు ఖాళీ అయింది’ అనే రెండు మాటల మధ్య దాదాపు మూడేళ్లు గడిచాయన్నమాట. అరకులో 2018 సెప్టెంబరులో కిడారి సర్వేశ్వరరావు మావోయిస్టుల చేతిలో హతులైనప్పుడు సీటు ఆ రోజే ఖాళీ అయింది. సభ గడువు ఏడాది కూడా లేదు కనుక అక్కడా ఉప ఎన్నిక రాలేదు.

ఎంవీపీ కాలనీ:
మరి గడువు లోపల జరిగింది మన దగ్గర లేదా అండీ?

గాజువాక:
ఎందుకు లేదు, విశాఖ స్థానిక సంస్థల ఎమ్మెల్సీ స్థానం. పార్టీ మారినందుకు సభ్యుడిపై 2024 మార్చిలో అనర్హత వేటు పడింది. ఆగస్టు 6న నోటిఫికేషన్, 13 దాకా నామినేషన్లు, 14న పరిశీలన, 16 ఉపసంహరణకు ఆఖరు, 30న పోలింగ్ అన్నారు. చట్టంలో ఉన్న లెక్క అదే: నోటిఫికేషన్ తర్వాత ఏడో రోజు నామినేషన్లకు ఆఖరు, ఆ మర్నాడు పరిశీలన, ఆపై రెండో రోజు ఉపసంహరణకు ఆఖరు, అక్కడి నుంచి పోలింగ్‌కు కనీసం 14 రోజులు. తీరా 16వ తేదీకి బొత్స సత్యనారాయణ ఒక్కరే బరిలో మిగిలారు. పోలింగ్ అవసరం లేకుండానే ఎన్నికైనట్టు ప్రకటించారు.

సీతమ్మధార:
దాన్ని పత్రికలన్నీ ‘ఏకగ్రీవం’ అన్నాయి. గ్రీవం అంటే మెడ, కంఠం. అందరూ ఒకే గొంతుతో ఒప్పుకోవడం ఏకగ్రీవం. సభలో తీర్మానానికి అది చక్కగా సరిపోతుంది. పోటీలో ఒక్కరే మిగిలినప్పుడు ఓటరు గొంతు విప్పే అవకాశమే రాలేదు. అక్కడ ‘పోటీ లేకుండా ఎన్నిక’ అని రాయడం న్యాయం. వాడుక గట్టిపడిపోయిందని నాకూ తెలుసు, అయినా వార్త మొదటి వాక్యంలోనైనా సరిగ్గా రాయమని నా మనవి.

ఎంవీపీ కాలనీ:
దిద్దాను, చూడండి: ‘ఎమ్మెల్యే రాజీనామాను స్పీకర్ ఆమోదించడంతో సీటు ఖాళీ అయింది. ఆరు నెలల్లోగా ఉప ఎన్నిక జరగాలి.’

అక్కయ్యపాలెం:
ఆమోదించిన తేదీ కూడా వేయండి. ఆరు నెలలు ఎక్కడి నుంచో చదివేవారికి తెలియాలి కదా.