స్టూడెంట్ వీసా నుంచి స్పౌజ్ వీసాకి: యూకేలో ఉండే అప్లై చేసేటప్పుడు ఏది ముందు, ఏది వెనక

ప్రశ్న

అందరికీ నమస్కారం. మాస్టర్స్ కోసం ఇంగ్లండ్ వచ్చాను. నేను చేసుకోబోయే అబ్బాయి బ్రిటిష్ పౌరుడు. ఇక్కడే రిజిస్టర్ ఆఫీసులో పెళ్లి చేసుకుని స్పౌజ్ వీసాకి మారాలని అనుకుంటున్నాం. నా వీసా ఇంకా నాలుగు నెలలే ఉంది. ఆయన కొత్త ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది. జీతం 31,000 పౌండ్లు, పాత చోట 27,000. నేను పార్ట్ టైమ్ చేస్తున్నాను, వారానికి 20 గంటలు దాటకుండా. ఇక్కడే అప్లై చేయాలా, హైదరాబాద్ వెళ్లి చేయాలా? ఏ పనితో మొదలుపెట్టాలి?

మొదటి జవాబు

ఇక్కడే చేయండమ్మా. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు దేశం దాటకుండానే మారొచ్చు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి ఆ వీలు లేదు. ఖర్చు కూడా తక్కువ. 2025 ఏప్రిల్ రేట్ల ప్రకారం లోపలి నుంచి ఫీజు 1,321 పౌండ్లు. హెల్త్ సర్‌చార్జ్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ వాడుకోవడానికి ముందే కట్టేది) ఏడాదికి 1,035 చొప్పున రెండున్నరేళ్లకి 2,587.50. రెండూ కలిపి 3,908.50. ఇండియా నుంచి అయితే ఫీజు 1,938, వీసా 33 నెలలకి ఇస్తారు కాబట్టి సర్‌చార్జ్ మూడేళ్లది 3,105, మొత్తం 5,043. దానిపైన టీబీ పరీక్ష. ఫీజులు సాధారణంగా ఏప్రిల్‌లో పెరుగుతుంటాయి, కట్టే రోజు ప్రభుత్వ సైట్‌లో మళ్లీ చూసుకోండి.

మొదలుపెట్టాల్సింది పెళ్లి నోటీసుతో, అదీ ఈ వారమే. మీరిద్దరూ కలిసి మీ ఏరియా రిజిస్టర్ ఆఫీసుకి వెళ్లి నోటీసు ఇవ్వాలి. మామూలుగా 28 రోజులు ఆగితే చాలు. కానీ ఒకరు విదేశీయులైతే విషయం హోమ్ ఆఫీసుకి (వీసాలు చూసే ప్రభుత్వ శాఖ) వెళ్తుంది, వాళ్లు తలచుకుంటే గడువు 70 రోజులకి పెంచొచ్చు. హాల్ బుక్ చేసేవాళ్లు 28 రోజులు లెక్కేసుకుని దెబ్బతింటున్నారు. మీరు 70 రోజులే లెక్కేసుకోండి. గుడిలో పెళ్లి ఎంత ఘనంగా చేసుకున్నా, ఆ గుడి పెళ్లిళ్లకి రిజిస్టరైన భవనం కాకపోతే ఇక్కడి చట్టం ముందు అది పెళ్లి కాదు. రిజిస్టర్ ఆఫీసు సర్టిఫికెట్ ఉండాల్సిందే.

ఇక అసలు ముడి జీతం దగ్గర ఉంది. 2024 ఏప్రిల్ 11 నుంచి ఈ రూట్లోకి కొత్తగా వచ్చేవాళ్లకి ఏడాదికి 29,000 పౌండ్లు చూపించాలి. 31,000 ఉంది కదా అనుకోవద్దు. ఆ జీతం ఎంతకాలంగా వస్తోంది అన్నదే వాళ్లు చూస్తారు.

ఒకే యజమాని దగ్గర ఆరు నెలలు నిండితే కేటగిరీ ఎ. ఆరు పేస్లిప్పులు, అవి జమైన బ్యాంక్ స్టేట్‌మెంట్లు, కంపెనీ లెటర్ సరిపోతాయి. నిండకపోతే కేటగిరీ బి. అప్పుడు ఇప్పటి జీతం 29,000 దాటి ఉండాలి, పైగా గడిచిన 12 నెలల్లో చేతికొచ్చిన గ్రాస్ కూడా 29,000 దాటాలి. మీవారి లెక్క చూడండి: పాత చోట నెలకి 2,250 చొప్పున ఎనిమిది నెలలు, 18,000. కొత్త చోట నాలుగు నెలలు, 10,333. మొత్తం 28,333. 667 పౌండ్లు తక్కువ. ఈ రోజు అప్లై చేస్తే రిజెక్ట్ అవుతుంది, కట్టిన ఫీజు తిరిగి రాదు.

రెండు నెలలు ఆగితే కేటగిరీ ఎ దానంతట అదే వస్తుంది. పెళ్లి నోటీసుకీ దాదాపు అంతే సమయం పడుతుంది, కాబట్టి మీకు పోయేదేమీ లేదు. అయితే కేటగిరీ ఎలో ఆరు నెలల్లోకెల్లా తక్కువ జీతం వచ్చిన నెలని పట్టుకుని లెక్కేస్తారు. ఈ రెండు నెలల్లో మీవారు జీతం లేని సెలవు పెట్టకుండా చూసుకోండి.

రెండో జవాబు

పైన చెప్పినదంతా సరైనదే. ఒక్కటి కలుపుతాను. యూకేలో పనిచేసే అనుమతి ఉన్న మీ సంపాదన కూడా లెక్కలోకి వస్తుంది. ఆ 667 పౌండ్లు మీ పార్ట్ టైమ్ జీతంతో పూడిపోవచ్చు. వీసా గడువు మరీ దగ్గరపడినవాళ్లకి ఇదే దారి. కాకపోతే అప్పుడు మీ పేస్లిప్పులు, మీ బ్యాంక్ స్టేట్‌మెంట్లు, మీ కంపెనీ లెటర్ కూడా పెట్టాలి. ఏ వారమైనా 20 గంటలు దాటి ఉంటే ఆ పేస్లిప్పే మీకు అడ్డం తిరుగుతుంది. అవసరం లేనప్పుడు పెట్టకపోవడమే మేలు.

కంపెనీ లెటర్‌లో నాలుగు విషయాలు ఉండాలి: ఒకటి, ఉద్యోగం ఏమిటి, దాని గ్రాస్ జీతం ఎంత; రెండు, ఎప్పటి నుంచి చేస్తున్నారు; మూడు, ఈ జీతం ఎప్పటి నుంచి ఇస్తున్నారు; నాలుగు, పర్మనెంటా, కాంట్రాక్టా, ఏజెన్సీనా. హెచ్‌ఆర్ వాళ్లు ఇచ్చే రెడీమేడ్ లెటర్‌లో మూడోది ఉండదు. కావాల్సిన మాటలు మీరే రాసి పంపి, వాళ్ల లెటర్‌హెడ్ మీద తీసుకోండి.

తేదీలు జాగ్రత్త. ఆన్‌లైన్‌లో ఫారం సబ్మిట్ చేసిన రోజే అప్లై చేసిన తేదీ. చివరి పేస్లిప్, చివరి స్టేట్‌మెంట్ ఆ తేదీకి ముందు 28 రోజుల లోపువై ఉండాలి. అందుకే జీతం బ్యాంకులో పడిన వారంలోపే సబ్మిట్ చేయడం మంచిది. పేస్లిప్‌లో ఉన్న నెట్ మొత్తం, స్టేట్‌మెంట్‌లో జమైన మొత్తం పెన్నీతో సహా కలవాలి. కలవకపోతే ఎందుకు కలవలేదో కంపెనీ చేత రాయించండి.

ఇంగ్లిష్‌కి ఈ దశలో ఎ1 (అన్నిటికన్నా కింది స్థాయి) చాలు. మీ యూకే మాస్టర్స్ పనికొస్తుంది, కానీ డిగ్రీ అవార్డ్ అయి ఉండాలి. ఫలితాలు రాకుండా కోర్సు అయిపోయింది అంటే కుదరదు. సర్టిఫికెట్ ఆలస్యమైతే, డిగ్రీ అవార్డ్ అయిందని యూనివర్సిటీ లెటర్ తీసుకోండి. అదీ అందదు అనిపిస్తే ఐఈఎల్‌టీఎస్ లైఫ్ స్కిల్స్ ఎ1 రాయండి. మాట్లాడటం, వినడం మాత్రమే ఉంటాయి. ఇండియాలో చేసిన బీటెక్ చూపించాలంటే ఎక్టిస్ (విదేశీ డిగ్రీలని సరిచూసే యూకే సంస్థ) నుంచి ధ్రువీకరణ కావాలి.

మూడో జవాబు

చెల్లీ, పేర్ల సంగతి ఎవరూ చెప్పలేదు. మనవాళ్లకి ఎక్కువగా చిక్కొచ్చేది ఇక్కడే. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా, బ్యాంకులో పేరు ముందు ఇంటిపేరు తర్వాత. కొందరికైతే పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడే ఖాళీ. పెళ్లి నోటీసు దగ్గరి నుంచి వీసా ఫారం దాకా పాస్‌పోర్ట్‌లో ఎలా ఉంటే అలాగే రాయించు. మిగతా రూపాలన్నీ, ఇతర పేర్లు ఉన్నాయా అని అడిగే చోట ఇవ్వు. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలనుకుంటే వీసా వచ్చాకే ఆ పని పెట్టుకో. అప్లికేషన్ నడుస్తుండగా పాస్‌పోర్ట్ మార్చితే లేనిపోని చిక్కు.

ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారని చూపించడానికి పెళ్లి ఫొటోల ఆల్బం అప్‌లోడ్ చేయక్కర్లేదు, నాలుగైదు చాలు. బరువున్నవి ఉత్తరాలు: అద్దె అగ్రిమెంట్‌లో నీ పేరు, జీపీ (మన ఏరియా డాక్టర్) దగ్గర నుంచి, బ్యాంకు నుంచి, ఎన్‌హెచ్‌ఎస్ నుంచి వచ్చినవి. అవి వేర్వేరు నెలల్లో వచ్చినవైతే మంచిది. కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటి మీద స్థానిక కౌన్సిల్ వేసే పన్ను) బిల్లు ఒకటి జాగ్రత్తగా చూడు. నువ్వు ఫుల్ టైమ్ స్టూడెంట్‌వి కాబట్టి లెక్కలోకి రావు, ఆయన బిల్లులో ఒంటరిగా ఉండేవాళ్లకి ఇచ్చే 25 శాతం తగ్గింపే కనిపిస్తుంది. చూసేవాళ్లకి ఆయన ఒంటరిగా ఉంటున్నట్టు అనిపిస్తుంది. ఆ తగ్గింపు నీ చదువు వల్ల వచ్చిందని కవర్ లెటర్‌లో ఒక్క వాక్యం రాయి, యూనివర్సిటీ ఇచ్చిన స్టూడెంట్ సర్టిఫికెట్ జతచెయ్యి. కోర్సు అవగానే కౌన్సిల్‌కి చెప్పడం మర్చిపోకు.

ఇంకో మాట. నీ వీసా గడువు తీరకముందే సబ్మిట్ చేస్తే, జవాబు వచ్చేదాకా పాత వీసా షరతుల మీదే చట్టబద్ధంగా ఇక్కడ ఉండొచ్చు. అలాగని ఆ మధ్యలో ఇండియాకి మాత్రం వెళ్లకు. దేశం దాటిన క్షణం అప్లికేషన్ వెనక్కి తీసుకున్నట్టే లెక్క. ఇంట్లో ఏదైనా శుభకార్యం ఉంటే ఇప్పుడే వెళ్లి రా, లేదంటే వీసా వచ్చాక వెళ్లు. వచ్చే వీసా రెండున్నరేళ్లది. తర్వాత ఇంకోసారి పొడిగించుకుని, అయిదేళ్లు నిండాక శాశ్వత నివాసానికి అడగొచ్చు. స్టూడెంట్‌గా గడిపిన కాలం ఆ అయిదేళ్లలో కలవదు. పొడిగింపుకీ ఇదే కాగితాలు మళ్లీ అడుగుతారు, కాబట్టి ఇద్దరి పేర్ల మీదా వచ్చే ప్రతి ఉత్తరాన్నీ ఒక ఫైల్లో దాస్తూ ఉండు.