చర్చ: ఫీజు కంపెనీ ఇస్తుంది సరే, చదువుకోవడానికి సమయం ఎవరిస్తారు?

మారతహళ్లి_వాసి:
అందరికీ నమస్కారం. బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో టెస్టింగ్ విభాగంలో పని చేస్తున్నాను. వయసు 43. ఉద్యోగం చేస్తూనే డేటా సైన్స్‌లో ఎం.టెక్. చేయాలనుకుంటున్నాను. మా సంస్థ ఫీజులో సగం తిరిగి చెల్లిస్తుంది గాని, కోర్సు ముగిశాక రెండేళ్లు అక్కడే పని చేస్తానని బాండు రాసివ్వమంటోంది. పిల్లవాడు పదో తరగతికి వచ్చిన వేళ నీకెందుకీ పరీక్షలని మా నాన్నగారు అడుగుతున్నారు. ఉద్యోగంలో ఉంటూ చదివినవారు ఏ వయసులో, ఎందుకు చదివారో, యాజమాన్యం ఎంతవరకు తోడ్పడిందో చెప్పగలరా?

వైట్‌ఫీల్డ్_కుర్రవాడు:
అన్నగారూ, నాకు 26. బి.ఎస్‌సీ.తో చేరిన మాలాంటివారు రెండు ప్రమోషన్లు దాటేసరికి ఇంజనీరింగ్ డిగ్రీ ఉందా అన్న ప్రశ్న దగ్గర ఆగిపోతారు కాబట్టి, మేము చదివేది ఇష్టం కొద్దీ కాదు, అవసరం కొద్దీ. బిట్స్ పిలానీ 1979 నుంచి ఉద్యోగస్థుల కోసం నడుపుతున్న విధానంలో చేరాను. ఇందులో మేలు ఏమిటంటే, ఆఖరి ప్రాజెక్టును మనం పనిచేసే చోటే చేయవచ్చు. ఫీజుకు మా సంస్థ ఏనాడూ ఇబ్బంది పెట్టలేదు. కాని రిలీజ్, అంటే కొత్త సాఫ్ట్‌వేర్ విడుదల, ఉన్న వారాంతాల్లో ఒక చెవిలో అధ్యాపకుడి పాఠం, రెండో చెవిలో దాని మీద ఆఫీసువాళ్ల ఫోన్ కాల్ వింటూ కూర్చునేవాణ్ణి. తరగతి రికార్డింగు తర్వాత చూసుకోవచ్చు కదా అని మేనేజరు అనేవారు. చూడడానికి తీరికెక్కడిది?

హెచ్ఆర్_అనుభవజ్ఞురాలు:
బాండు విషయం కొంచెం విస్తరంగా రాస్తాను, ఎందుకంటే సంతకం పెట్టేవారిలో చాలామంది దాన్ని చదవరు. ఇలాంటి బాండ్లు కోర్టులో నిలబడవని మన ఆఫీసు క్యాంటీన్లలో ధీమాగా చెప్పుకుంటారు. అది సగమే నిజం. ఇక్కడే ప్రధాన కార్యాలయం ఉండిన విజయా బ్యాంకుకు సంబంధించిన కేసులో, మూడేళ్లు పూర్తి కాకుండా ఉద్యోగం మానేస్తే రెండు లక్షల రూపాయలు చెల్లించాలన్న షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు 2025 మే నెలలో తీర్పు ఇచ్చింది. అది నియామకపు బాండే గాని చదువు బాండు కాదు. అయినా, ఉద్యోగంలో ఉన్నంతకాలం వర్తించే ఇలాంటి షరతు ఒకరి వృత్తి వ్యాపారాలను అడ్డుకునే ఒప్పందాలు చెల్లవనే 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 27వ సెక్షన్‌కు విరుద్ధం కాదన్న తర్కం చదువు బాండ్లకూ పనికొస్తుంది. అదే చట్టంలోని 74వ సెక్షన్ ప్రకారం, బాండులో ఎంత మొత్తం రాసి ఉన్నా సమంజసమైన పరిహారమే ఇప్పిస్తారు, రాసిన మొత్తాన్ని మించి ఇప్పించరు.

కాబట్టి మూడు సంగతులు ముందే అడగండి. పనిచేసిన ప్రతి నెలకూ బాకీ తగ్గుతుందా, లేక ఆఖరి రోజు వరకు మొత్తమంతా మెడ మీదే ఉంటుందా? సంస్థే మిమ్మల్ని తొలగిస్తే బాండు రద్దవుతుందా? డబ్బు సెమిస్టరు మొదట్లో ఇస్తారా, ఫలితాలు వచ్చాక ఇస్తారా? మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు గాని, ముందుగా చేతి నుంచి పెట్టుకోవలసి వస్తే అప్పు చేయక తప్పదు. బ్యాంకులో విద్యారుణం తీసుకుంటే, పాత పన్ను విధానంలో ఉన్నవారికి వడ్డీ మీద ఎనిమిదేళ్ల వరకు మినహాయింపు దొరుకుతుంది. సంస్థ దగ్గర అడ్వాన్సుగా తీసుకున్న సొమ్ముకు అది వర్తించదు.

పీణ్య_షిఫ్ట్_ఇన్‌చార్జి:
ఇక్కడ ఎం.టెక్.ల ప్రసక్తే నడుస్తోంది కనుక ఇంకో వైపు చెబుతాను. మా గార్మెంట్స్ ఫ్యాక్టరీలో హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చిన ఆడవారు చాలామంది ఉన్నారు. సూపర్‌వైజర్ కావాలంటే పదో తరగతి పాసై ఉండాలన్న నిబంధన వల్ల, ముప్పై దాటినవారు కొందరు జాతీయ సార్వత్రిక పాఠశాలలో తెలుగు మాధ్యమంలో పదికి కట్టారు. దానికి 14 ఏళ్లు నిండితే చాలు, పైన వయోపరిమితి లేదు. ఐదేళ్లలో ఒక్కో సబ్జెక్టూ విడిగా పాసు కావచ్చు. ఫీజు వారే కట్టుకున్నారు. అసలు దెబ్బ హాజరు బోనస్ దగ్గర తగిలింది: పరీక్షకు సెలవు పెడితే ఆ నెల బోనస్ మొత్తం పోతుంది. హాల్‌టికెట్ చూపినవారికి పరీక్ష రోజులను హాజరుగానే లెక్కించాలని మేము పట్టుబట్టి యాజమాన్యాన్ని ఒప్పించాము. సంస్థకు అయిన ఖర్చు చాలా స్వల్పం. ఆ తర్వాతే తక్కినవారు దరఖాస్తులు తెచ్చుకున్నారు.

రిటైర్మెంట్‌కు_దగ్గర:
నేను కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిని, వయసు 57. మా సెలవుల నిబంధనల్లో చదువు సెలవు ఉంది: ఐదేళ్ల సర్వీసు నిండినవారికి మొత్తం ఉద్యోగకాలంలో సాధారణంగా 24 నెలల వరకు ఇవ్వవచ్చు. అయితే ఆ చదువు మన విధులతో దగ్గరి సంబంధం ఉన్నదై ఉండాలి. తిరిగి చేరేనాటికి పదవీ విరమణకు కనీసం మూడేళ్ల వ్యవధి మిగలాలి. అంటే నా వయసువాడికి ఆ తలుపు మూసుకుపోయినట్టే. నేను ఇగ్నోలో ఎం.ఏ. చరిత్ర చదివింది ప్రమోషన్ కోసం కాదు, చిన్నప్పుడు ఇంటి పరిస్థితుల వల్ల కామర్స్ తీసుకోవలసి వచ్చింది గనుక. దానికి ఆఫీసు డబ్బు ఇవ్వాలని నేనూ కోరను. పరీక్షల రోజుల్లో ఆర్జిత సెలవు మంజూరు చేసేటప్పుడు సెక్షన్‌లో నవ్వకుండా ఉంటే చాలనిపించేది. మారతహళ్లివారూ, మీ నాన్నగారితో చెప్పండి: 43 ఏళ్లకు ఇంకా పదిహేనేళ్ల పైచిలుకు ఉద్యోగం ఉంటుంది.

మారతహళ్లి_వాసి:
అందరికీ ధన్యవాదాలు. మేడమ్ చెప్పిన మూడు ప్రశ్నలూ ఈ రోజు అడిగాను. బాకీ నెలనెలా తగ్గుతుందట. ఫలితాలు వచ్చాకే డబ్బు ఇస్తారట. సంస్థే తొలగిస్తే బాండు వర్తించదని నోటిమాటగా అన్నారు, కావాలంటే ఈమెయిల్ పంపుతామన్నారు. నా తరగతులు ఉండే శనివారాల్లో తీరిక ఇచ్చే సంగతి మాత్రం మేనేజరుతో మాట్లాడుకోమన్నారు.

హెచ్ఆర్_అనుభవజ్ఞురాలు:
ఈమెయిల్‌తో సరిపెట్టుకోకండి. తొలగింపు షరతును బాండులోనే ఒక వాక్యంగా చేర్చమనండి, చేర్చేదాకా సంతకం పెట్టవద్దు. శనివారం తరగతి వేళల్లో ఆన్‌కాల్ (పిలిస్తే వెంటనే పనికి దిగాల్సిన డ్యూటీ) ఉండదని మేనేజరు చేత కూడా ఇప్పుడే రాయించుకోండి. ఆ మేనేజరు మారితే కొత్తవారికి చూపించడానికి మీ దగ్గర ఆ కాగితమే ఉంటుంది.