అప్‌డేట్: మా లడ్డూ ఎక్స్‌ఎల్ బుల్లీ కాదు

ఇంగ్లండ్‌లోని లీసెస్టర్‌లో మేము దత్తత తెచ్చుకున్న ఆడకుక్క లడ్డూని చూసి పక్కింటాయన "ఇది నిషేధించిన ఎక్స్‌ఎల్ బుల్లీ" (కండలు తిరిగిన పెద్ద కుక్క రకం) అన్నారని, డీఎన్‌ఏ పరీక్ష చేయించాలా అని అడిగాను కదా. ఆ డబ్బు మిగిలింది. ఇక్కడి చట్టం చూసేది రక్తాన్ని కాదు, రూపాన్ని. తల్లిదండ్రులు వేరే జాతివైనా లక్షణాలు సరిపోతే ఎక్స్‌ఎల్ బుల్లీ కిందే లెక్క.

మొదట చూసేది ఎత్తు. చదునైన నేల మీద నిలబెట్టి, మెడ భుజాలతో కలిసే చోటి వరకే కొలవాలి. (నేను తల దాకా కొలిచి ఒక రాత్రంతా నిద్రపోలేదు.) మగదైతే 51 సెంటీమీటర్లు, ఆడదైతే 48, ఆపైన ఉంటేనే దవడ, ఛాతీ వగైరా చూడాలి. మా ఆవిడ ఇడ్లీ ముక్క చూపిస్తూ కదలకుండా నిలబెడితే నేను గోడ మీద పెన్సిల్ గీత పెట్టాను. 42! మూడుసార్లూ అంతే. మూడేళ్లది, ఇక పెరగదు.

ప్రమాదకర కుక్కలపై తెచ్చిన 1991 చట్టం నుంచే పిట్‌బుల్ రకం కుక్కల మీదా నిషేధం ఉంది. అదీ కాదని, స్టాఫర్డ్‌షైర్ బుల్ టెరియర్ సంకరమని పశువైద్యురాలు చెప్పారు. స్టాఫర్డ్‌షైర్‌పై నిషేధం లేదు. 2024 ఫిబ్రవరి 1 నుంచి మినహాయింపు పత్రం లేకుండా ఎక్స్‌ఎల్ బుల్లీని ఉంచుకోవడమే నేరం, అందుకే అంత కంగారుపడ్డాను.

పక్కింటాయనకు గోడ మీద గీత చూపించాను. "అయినా మొహం అలాగే ఉంది" అన్నారు.