నాన్నగారి చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది, గుండె మాత్ర ఆపవచ్చా?

ప్రశ్న:
మా నాన్నగారి వయసు 61. నిరుడు గుండెకు స్టెంట్ వేసినప్పటి నుంచి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నారు. షుగర్ కూడా చాలాకాలంగా ఉంది. కొన్ని వారాలుగా పళ్లు తోముకునేటప్పుడు ఉమ్మి ఎర్రగా వస్తోంది. జామకాయ కొరికితే ముక్క మీద రక్తపు చార పడుతోంది, నొప్పి మాత్రం లేదంటున్నారు. రక్తాన్ని పలచబరిచే మాత్రల వల్లే ఇదంతా అని తేల్చుకుని, వాటిని రోజు విడిచి రోజు వేసుకుంటానంటున్నారు. బ్రష్ మానేసి వేలితో పళ్లపొడి రుద్దుకుంటున్నారు. ఆసుపత్రిలో గార తీయిస్తే ఉన్న పళ్లు కూడా కదులుతాయని మా పెద్దమ్మ భయపెడుతోంది. ఏం చేయమంటారు?

మొదటి సమాధానం (దంతవైద్యురాలు):
ముందుగా ఆ మాత్రల సంగతి చెబుతాను. స్టెంట్ ఉన్నవారు గుండె వైద్యుణ్ణి అడగకుండా వాటిని ఆపకూడదు, ఒక రోజు విడిచి కూడా వేసుకోకూడదు. స్టెంట్‌లో రక్తం గడ్డకడితే గుండెపోటు వచ్చే ప్రమాదం ఉంది, దానితో పోలిస్తే చిగుళ్ల రక్తం చిన్న ఇబ్బంది.

ఆ మాత్రలు రక్తం త్వరగా ఆగకుండా చేస్తాయే గాని, చిగురును వాచేలా చేసేవి కావు. వాపునకు మూలం చాలామందిలో పంటికీ చిగురుకూ మధ్య సందులో పేరుకున్న పాచి. అందులోని సూక్ష్మజీవులను ఎదుర్కోవడానికి శరీరం అక్కడికి రక్తాన్ని ఎక్కువగా పంపుతుంది, సన్నని రక్తనాళాలు ఉబ్బుతాయి, వాటిని కప్పిన పొర పలచబడుతుంది, అందుకే కుంచె తగలగానే రక్తం చిమ్ముతుంది. 1965లో డెన్మార్క్‌లో హెరాల్డ్ లో (Löe) అనే దంత పరిశోధకుడి బృందం ఆరోగ్యంగా ఉన్న వారిచేత పళ్లు తోముకోవడం మాన్పించి చూసింది. మూడు వారాల లోపే అందరికీ చిగుళ్లు వాచాయి, తిరిగి తోముకోవడం మొదలుపెట్టాక వారం పది రోజుల్లో తగ్గాయి. కాబట్టి రక్తం వస్తోందని బ్రష్ మానేయడం వల్ల జబ్బు ముదురుతుంది. మెత్తని కుంచె బ్రష్‌ను చిగురు అంచున కొంచెం వాలుగా ఆనించి, రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు నెమ్మదిగా తోమించండి. మొదటి రోజుల్లో రక్తం కనబడినా ఆపవద్దు.

షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు ముదురుతుంది, చిగుళ్ల జబ్బు తగ్గకపోతే షుగర్ అదుపు కూడా కష్టమవుతుంది. మూడు నెలల సగటు షుగర్ పరీక్ష ఇటీవల చేయించకపోతే చేయించండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు, మేడమ్. కింది ముందు పళ్లలో ఒకటి కాస్త కదులుతున్నట్లు ఈ రోజే చెప్పారు. గార తీయిస్తే అది ఊడిపోదా?

దంతవైద్యురాలు:
గట్టిపడిన గార పళ్ల మధ్య అతుకులా పనిచేస్తుంది. అప్పటికే కింది ఎముక కరిగిపోయి పన్ను వదులై ఉంటే, ఆ అతుకు తీయగానే ఆ కదలిక, పళ్ల మధ్య ఖాళీలు తెలిసివస్తాయి, నింద క్లీనింగ్ మీద పడుతుంది. ఎముకను తీసేసేది గార తీసే పరికరం కాదు. పన్ను కదులుతోందంటే ఇక ఆలస్యం చేయవద్దు. చిగురు సందు లోతు కొలిచి చూస్తారు, మూడు మిల్లీమీటర్ల వరకు సాధారణం, అంతకు మించితే లోపల కూడా శుభ్రం చేయాలి. ఈ పనికి సాధారణంగా గుండె మాత్రలు ఆపనక్కర్లేదు, వచ్చే రక్తం గాజుగుడ్డతో నొక్కి పట్టుకుంటే ఆగుతుంది. పొగతాగేవారైతే చెప్పండి: పొగ రక్తనాళాలను ముడుచుకునేలా చేయడం వల్ల చిగుళ్లు రక్తం కార్చకుండానే లోలోపల పాడవుతాయి.

మరో సమాధానం (జనరల్ ఫిజీషియన్):
మేడమ్ చెప్పినదానికి ఒక్క మాట చేరుస్తాను. జ్వరంతో పాటు చిగుళ్ల రక్తం వస్తే, ముఖ్యంగా వానాకాలంలో, అది డెంగీ హెచ్చరిక కావచ్చు. వెంటనే ప్లేట్‌లెట్ల పరీక్ష చేయించాలి, జ్వరానికి ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోకూడదు. చర్మం మీద కారణం లేకుండా నల్లని కమిలిన మచ్చలు, ముక్కు నుంచి రక్తం, నల్లని విరేచనాలు, రోజుల తరబడి తగ్గని నీరసం తోడైనా, పదిహేను నిమిషాలు గట్టిగా నొక్కి పట్టినా రక్తం ఆగకపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. గర్భిణులకు హార్మోన్ల మార్పుల వల్ల చిగుళ్లు వాచడం మామూలే అయినా, అది కూడా పాచి ఉంటేనే పెరుగుతుంది. మీ నాన్నగారు దంతవైద్యుని వద్దకు వెళ్లేటప్పుడు గుండె వైద్యుడు రాసిచ్చిన చీటీలన్నీ, స్టెంట్ వేసిన తేదీతో సహా, వెంట తీసుకెళ్లండి.