బీకాం చదవాలా, ఇంటర్నేషనల్ బిజినెస్ పేరున్న బీబీఏలో చేరాలా?

ప్రశ్న: మిల్లు గుమాస్తా కూతురు, మిర్యాలగూడ

అందరికీ నమస్కారం. ఈ సంవత్సరం సీఈసీతో ఇంటర్మీడియట్ పూర్తి చేశాను. మా నాన్న ఇక్కడే ఒక రైస్ మిల్లులో గుమాస్తా. కాటా చీటీలు రాయడం, లారీలకు బిల్లులు సిద్ధం చేయడం ఆయన పని. 2023 జూలైలో ఒక రాత్రి ఆయన చాలా ఆలస్యంగా ఇంటికి వచ్చారు. తెల్ల బియ్యం ఎగుమతిని కేంద్రం నిషేధించిందని కబురు రావడంతో, కాకినాడలోని ఎగుమతిదారుకు బయలుదేరిన లారీలను గేటు దగ్గరే ఆపి, కట్టిన టార్పాలిన్లు విప్పించి, సరుకంతా మళ్లీ గోదాములోకి దించారట. హమాలీలకు ఎక్కించిన కూలీతోపాటు దించిన కూలీ కూడా ఇవ్వాల్సి వచ్చింది. విచిత్రమేమిటంటే, పక్క మిల్లు వారి ఉప్పుడు బియ్యం లారీలు మాత్రం ఆ వారమంతా అదే రోడ్డు మీద కాకినాడకు పోతూనే ఉన్నాయి. ఒకే ఆయకట్టులో పండిన వడ్లు, ఒకే ఊరి మిల్లులు, చేరాల్సింది కూడా ఒకే రేవు. మరి ఒకరి సరుకు ఎందుకు ఆగింది, ఇంకొకరిది ఎలా పోయింది అని అడిగితే నాన్న దగ్గర సమాధానం లేదు. అంతర్జాతీయ వ్యాపారం చదవాలన్న కోరిక నాకు అప్పుడు పుట్టింది.

డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల దోస్త్‌లో దరఖాస్తు చేస్తే నల్లగొండ ప్రభుత్వ కళాశాలలో బీకాం సీటు వచ్చేటట్టు ఉంది. హైదరాబాద్ శివార్లలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో బీబీఏ ఇంటర్నేషనల్ బిజినెస్ ఉంది గానీ, హాస్టలుతో కలిపి ఏడాదికి మూడు లక్షలు దాటుతుంది. దానికోసం నాన్న అరెకరం పొలం అమ్ముతానంటున్నారు. ఇవి చాలవన్నట్టు, డిగ్రీ కూడా విదేశంలోనే చేయవచ్చని ఒక కన్సల్టెన్సీ వారు రోజూ ఫోన్ చేస్తున్నారు. నాకు లెక్కలు అంతంతమాత్రం. ఈ రంగంలో ఆడపిల్లలకు ఉద్యోగాలు ఎలా ఉంటాయో కూడా తెలియదు. అనుభవం ఉన్న పెద్దలు దారి చెప్పగలరు.

జవాబు: విశ్రాంత కామర్స్ అధ్యాపకుడు, నల్లగొండ

అమ్మా, ముందుగా పొలం సంగతి. ఈ చదువు కోసం అరెకరం అమ్మవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. ముప్పై ఏళ్లకు పైగా పాఠం చెప్పిన అనుభవంతో అంటున్నాను. మన ప్రాంతంలో ఈమధ్య ఇంటర్నేషనల్ అన్న మాట లేని బడి బోర్డు కనబడటమే గగనమైంది. ఆ మాట డిగ్రీ పేరులోకి కూడా వచ్చేసరికి తల్లిదండ్రులు రెట్టింపు ఫీజుకు తల ఊపుతున్నారు.

బీబీఏలో చేరినా బీకాంలో చేరినా మొదటి ఏడాది చదివేది దాదాపు ఒకటే. అకౌంట్లు, ఆర్థిక శాస్త్రం, వ్యాపార చట్టం, గణాంకాలు, నిర్వహణ సూత్రాలు రెండింటిలోనూ ఉంటాయి. విదేశీ మారకం, ఎగుమతి దిగుమతి విధానం, అంతర్జాతీయ మార్కెటింగ్ వంటివి ఆ తర్వాతి సెమిస్టర్లలో వచ్చే కొన్ని పేపర్లు మాత్రమే. కాబట్టి ఆ విశ్వవిద్యాలయానికి వెళ్లినప్పుడు రంగుల బ్రోచరును పక్కన పెట్టి, ఆరు సెమిస్టర్ల సిలబస్ కాగితం అడిగి తీసుకో. అందులో అంతర్జాతీయ వ్యాపారానికి నేరుగా సంబంధించిన పేపర్లు ఎన్ని ఉన్నాయో, వాటిని చెప్పే అధ్యాపకులు ఎవరో చూడు. 2024-25 విద్యా సంవత్సరం నుంచి బీబీఏ కోర్సులు సాంకేతిక విద్యను పర్యవేక్షించే జాతీయ మండలి ఏఐసీటీఈ పరిధిలోకి వచ్చాయి కాబట్టి అనుమతి పత్రం కూడా చూపించమను. ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా లేదా అన్నది మాటగా చెబితే నమ్మవద్దు, కాగితం మీద రాసి ఇమ్మను.

నీ జాబితాలో లేని దారి ఒకటి ఉంది. కేంద్ర వాణిజ్య శాఖ కింద 1963లో ఏర్పడిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారిన్ ట్రేడ్ ఈ విషయంలో దేశంలోనే పెద్ద పేరున్న సంస్థ. దాని కాకినాడ ప్రాంగణంలో ఇంటర్ తర్వాత అయిదేళ్ల కోర్సు నడుస్తోంది. మొదట బీబీఏ, చివర ఇంటర్నేషనల్ బిజినెస్‌లో ఎంబీఏ. ఇందౌర్ ఐఐఎం నిర్వహించే ఐపీమ్యాట్ ద్వారా అందులోకి ప్రవేశం. ఆ పరీక్షలో మూడు భాగాలుంటే రెండు గణితానివే, అందువల్ల లెక్కలు అంతంతమాత్రం అన్న నీకు ఈ ఏడాదికి అది కష్టమే. అయితే అంతటితో తలుపు మూసుకుపోదు. నల్లగొండలో బీకాం మంచి మార్కులతో పూర్తి చేసి, ఆ మూడేళ్లూ లెక్కలకు రోజూ గంట కేటాయిస్తే, క్యాట్ రాసి అదే సంస్థలో రెండేళ్ల ఎంబీఏకు పోటీ పడవచ్చు. అది కుదరకపోయినా ఐసెట్ ఎలాగూ ఉంది. అప్పుడు పొలం మీద కాకుండా నీ పేరు మీద విద్యారుణం తీసుకోవచ్చు.

జవాబు: ఎగుమతి పత్రాల విభాగం, జడ్చర్ల

చెల్లెమ్మా, నీ డిగ్రీ ప్రశ్నకు మాస్టారు చెప్పారు కాబట్టి నేను నీ లారీల ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే నా ఉద్యోగమంతా దాదాపు అదే.

ప్రపంచంలో అమ్ముడయ్యే ప్రతి సరుకుకూ హెచ్‌ఎస్ కోడ్ అనే అంకెల గుర్తింపు ఉంటుంది. మొదటి ఆరు అంకెలు అన్ని దేశాలకూ ఉమ్మడివి, చివరి రెండు మన దేశం పెట్టుకున్నవి. 1006 అంటే వరి. 1006 10 అంటే వడ్లు, 1006 30 అంటే మర పట్టిన బియ్యం, 1006 40 అంటే నూకలు. 2023 నాటి మన జాబితాలో ఉప్పుడు బియ్యం 1006 30 10 కింద, బాస్మతి కాని మామూలు తెల్ల బియ్యం 1006 30 90 కింద ఉండేవి. ఆ జూలై 20న వచ్చిన నోటిఫికేషన్ నిషేధించింది చివర 90 ఉన్న సరుకును మాత్రమే. పక్క మిల్లు వారి లారీలు 10 అన్న అంకెతో పోయాయి, మీవి 90 దగ్గర ఆగాయి. అయినా పక్క మిల్లు సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద 20 శాతం ఎగుమతి సుంకం పడింది. తెల్ల బియ్యం నిషేధాన్ని 2024 సెప్టెంబరులో తొలగించి, టన్నుకు 490 డాలర్ల కనీస ధర నిర్ణయించారు, అక్టోబరులో ఆ షరతు కూడా తీసేశారు. ఈ నోటిఫికేషన్లన్నీ కేంద్ర విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ (డీజీఎఫ్‌టీ), కస్టమ్స్ వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. వారానికి ఒకటి చదివినా మూడేళ్లలో నీ తరగతిలో ఎవరికీ లేని జ్ఞానం నీకు ఉంటుంది.

నేను మహబూబ్‌నగర్‌లో మామూలు బీకాం చదివి ఒక మందుల కంపెనీలో చేరాను. చేరిన రెండో ఏడాది జరిగిన తప్పు ఒకటి చెబుతాను, తప్పు నాదే. షరతుల ప్రకారం పత్రాలు ఇస్తే డబ్బు చెల్లిస్తానని కొనుగోలుదారు బ్యాంకు రాసి ఇచ్చిన హామీ, అంటే లెటర్ ఆఫ్ క్రెడిట్‌లో సరుకు ఓడ ఎక్కవలసిన ఆఖరి తేదీ 15 అని ఉంది. తిమ్మాపూర్ డిపోలో కంటైనరుకు సీలు వేయించి, రైల్లో ముంబై పక్కనున్న న్హావా షేవా రేవుకు పంపాను. మన రాష్ట్రానికి సముద్రం లేదు కాబట్టి రైలు ప్రయాణానికీ రేవులో ఆగే సమయానికీ రెండు మూడు రోజులు అదనంగా పెట్టుకోవాలి. నేను పెట్టుకోలేదు. సరుకు అందుకున్నట్టు ఓడ కంపెనీ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ మీద ఓడ ఎక్కిన తేదీ 16 అని పడింది. డ్రమ్ములన్నీ మంచి స్థితిలో ఉన్నాయి, నాణ్యత పత్రం సరిగ్గా ఉంది, కానీ బ్యాంకు సరుకును చూడదు, కాగితాన్నే చూస్తుంది. పత్రాలు అందిన అయిదు పని దినాల లోపు తేడా ఉందని తిరస్కరించే హక్కు దానికి ఉంది, ఆ హక్కును వాడుకుంది. కొనుగోలుదారు అదే అదనుగా ధర తగ్గించమన్నాడు, మేము తగ్గించాము. మా మేనేజరు నన్నేమీ తిట్టలేదు గానీ, ఆ బిల్లు నకలును నా టేబుల్ అద్దం కింద పెట్టించాడు. ఇప్పటికీ అక్కడే ఉంది.

అమ్మేవాడి బాధ్యత ఎక్కడ ముగిసి కొనేవాడిది ఎక్కడ మొదలవుతుందో చెప్పే అంతర్జాతీయ నిబంధనలు, ఇన్‌కోటర్మ్స్, కూడా ఇలాగే కాగితం మీద చిన్నవి, డబ్బులో పెద్దవి. 2020 కూర్పులో పదకొండు నిబంధనలు ఉన్నాయి. ఎఫ్‌ఓబీ అని ఒప్పుకుంటే సరుకు ఓడ మీద చేరేదాకా నష్టభయం అమ్మినవాడిదే. తిమ్మాపూర్‌లోనే రవాణాదారుకు కంటైనరు అప్పగించే మనలాంటి వారికి, అప్పగించిన చోటే నష్టభయం కొనేవాడికి మారే ఎఫ్‌సీఏ సరిపోతుంది, అయినా అందరూ అలవాటుకొద్దీ ఎఫ్‌ఓబీ అనే రాస్తుంటారు. ఎందుకలా రాస్తున్నారని ఇంటర్వ్యూలో అడిగిన అభ్యర్థి నాకు ఇంతవరకు తారసపడలేదు.

ఆడపిల్లల సంగతి అడిగావు. మా విభాగంలో ఏడుగురిలో నలుగురు స్త్రీలే. మందుల కంపెనీలు, బ్యాంకుల విదేశీ వాణిజ్య విభాగాలు, సరుకు రవాణా సంస్థలు, ఎగుమతిదారుల తరఫున కస్టమ్స్ పని చేసిపెట్టే బ్రోకర్ల కార్యాలయాలు ఈ పని తెలిసినవారిని తీసుకుంటాయి. బ్రోకర్ల దగ్గర సహాయకులకిచ్చే హెచ్ కార్డుతో చేరి, పరీక్ష రాసి జి కార్డు తెచ్చుకుంటే పత్రాల మీద సంతకం చేసే అధికారం వస్తుంది. సెలవుల్లో అలాంటి కార్యాలయంలో జీతం లేకపోయినా రెండు నెలలు కూర్చుంటే షిప్పింగ్ బిల్లు, అంటే ఎగుమతి కోసం కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం, ఎలా ఉంటుందో కళ్లారా చూస్తావు.

జవాబు: ఒక తండ్రి, సూర్యాపేట

కన్సల్టెన్సీ వారి మాట విని మా అబ్బాయిని ఇంటర్ అవగానే ఐరోపాలోని ఒక దేశానికి ఇదే పేరున్న డిగ్రీకి పంపించాను. పార్ట్‌టైమ్ పనితో ఫీజు వెళ్లిపోతుందన్నారు. వాడి సంపాదన గది అద్దెకే చాలలేదు. చేరిన తర్వాత తెలిసింది, అది విశ్వవిద్యాలయం కాదు, వేరే విశ్వవిద్యాలయం పేరుతో డిగ్రీ ఇప్పించే ప్రైవేటు కళాశాల. మన రాష్ట్ర ప్రభుత్వం అర్హులైన ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు ఇచ్చే విదేశీ విద్యానిధి సాయం 20 లక్షల దాకా ఉంటుంది గానీ, డిగ్రీకి రాదు, పీజీ నుంచే వర్తిస్తుంది. ఈ సంగతి నాకు రెండేళ్లు ఆలస్యంగా తెలిసింది. వెళ్లాలనుంటే డిగ్రీ తర్వాత వెళ్లమ్మా. ఆ ఫోన్ నంబరును బ్లాక్ చేయండి.

జవాబు: చేనేత ఇంటి మనిషి, నారాయణపేట

పై వారంతా ఉద్యోగం కోణంలోనే చెప్పారు కాబట్టి కొంచెం విభేదిస్తాను. ఈ చదువు ఇంట్లో సరుకు ఉన్నవారికి ఇంకా ఎక్కువ ఉపయోగపడుతుంది. మా నారాయణపేట చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది, కానీ నిన్నమొన్నటిదాకా దాన్ని విదేశాలకు అమ్మింది హైదరాబాద్ షాపులవారే. నేను డీజీఎఫ్‌టీ వెబ్‌సైటులో 500 రూపాయలు కట్టి ఐఈసీ అనే ఎగుమతి దిగుమతి కోడ్ తీసుకున్నాను. పాన్ నంబరే ఆ కోడ్ నంబరు కూడా. ఇప్పుడు తపాలా శాఖ వారి డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రం ద్వారా నెలకు పది పన్నెండు చీరలు పంపుతున్నాను. ఆ కోడ్‌ను ఏటా ఏప్రిల్, జూన్ మధ్య మార్పులు లేకపోయినా నవీకరించాలి. ఒక సంవత్సరం పెళ్లిళ్ల హడావుడిలో మరిచిపోతే కోడ్ నిలిచిపోయి, సింగపూర్ వెళ్లాల్సిన పెళ్లి చీర ముహూర్తం దాటాక చేరింది. డబ్బు తిరిగి ఇచ్చాను.

భాష గురించి ఎవరూ చెప్పలేదు. బీకాంతో పాటు ఒక విదేశీ భాషను మూడేళ్లు వదలకుండా నేర్చుకోండి. హైదరాబాద్ తార్నాక దగ్గరి భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, అరబిక్, జపనీస్ వంటివి చెబుతారు. ఏడాదికొక భాష చొప్పున మూడు సర్టిఫికెట్లు పోగేసినవారిని చూశాను, ఒక్క భాషలోనూ ఉత్తరం రాయలేరు. మీది బియ్యం వ్యాపారం చుట్టూ ఉన్న ఊరు, బియ్యం కొనే గల్ఫ్ దేశాలు పక్కనే ఉన్నాయి కాబట్టి అరబిక్ గురించి ఆలోచించండి.

ప్రశ్న అడిగినవారు: మిల్లు గుమాస్తా కూతురు, మిర్యాలగూడ

మాస్టారికి, అన్నకు, మిగతా పెద్దలకు కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఇవన్నీ నాన్నకు చదివి వినిపించాను. అరెకరం మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. దోస్త్‌లో నల్లగొండ బీకాంను మొదటి ఆప్షన్‌గా పెట్టాను. భాష విషయంలో అరబిక్ లిపి చూస్తే కొంచెం భయంగా ఉంది, ఇంకా తేల్చుకోలేదు.

జడ్చర్ల అన్నకు ఒక్క ప్రశ్న. మీరు చెప్పిన ఎనిమిది అంకెలు చూద్దామని నాన్న దాచిన పాత బిల్లుల నకళ్లు తీశాను. అన్నింటిలోనూ 1006 అన్న నాలుగు అంకెలే ఉన్నాయి. చివరి 90 ఎక్కడ పోయింది?

జవాబు: ఎగుమతి పత్రాల విభాగం, జడ్చర్ల

ఎక్కడా పోలేదు చెల్లెమ్మా. అది దేశంలోపల అమ్మకానికి రాసిన జీఎస్టీ బిల్లు. ఎనిమిది అంకెలు ఎగుమతిదారు కాకినాడలో వేసే షిప్పింగ్ బిల్లులో వస్తాయి. అయితే, 2021 ఏప్రిల్ నుంచి ఏడాది టర్నోవరు 5 కోట్లు దాటిన వ్యాపారి దేశీయ బిల్లులో కూడా కనీసం ఆరు అంకెలు రాయాలి, అంతకు లోపలైతేనే నాలుగు సరిపోతాయి. మీ మిల్లు ఏ లెక్కలోకి వస్తుందో నాన్నగారికి తెలిసే ఉంటుంది. దాటి ఉంటే, యజమాని చెవిన ఒక మాట వేయమను.