జర్మనీలో ఎంఎస్: ఫీజు లేనప్పుడు ఇంత డబ్బు ఎందుకు?

మాది కూకట్‌పల్లి. మెకానికల్ బీటెక్ చివరి సంవత్సరం. జర్మనీలో చదువు ఉచితమని ఇంట్లో చెప్పి ఒప్పించాను. ఇప్పుడు వీసా కోసం ఏడాది ఖర్చుల డబ్బు ముందే వేసి చూపించాల్సిన బ్లాక్డ్ అకౌంట్ మాట వినగానే నాన్నగారు ‘ఉచితమన్నావుగా, మరి ఈ లక్షలెందుకు?’ అని భోజనాల దగ్గర నిలదీస్తున్నారు. ఏమని చెప్పాలి?

సమాధానం 1: అది ఫీజు కాదు తమ్ముడూ, నీ తిండికీ అద్దెకూ నీ పేరు మీదే ఉండే డబ్బు. ఏడాదికి 11,904 యూరోలు. అక్కడ దిగాక నెలకు 992 చొప్పున నీకే ఇస్తారు. నాన్నగారికి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించు. అంతకంటే ముందు ఏపీఎస్ సర్టిఫికెట్ (నీ చదువు పత్రాలు అసలైనవేనని ధ్రువీకరించేది) సంగతి చూడు. 2022 నవంబరు నుంచి మన విద్యార్థుల వీసాకు అది తప్పనిసరి.

సమాధానం 2: ‘ఉచితం’ అన్నిచోట్లా చెల్లదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో 2017 నుంచి మనలాంటివారికి సెమిస్టర్‌కు 1,500 యూరోల ఫీజు ఉంది. ఇంజనీరింగ్‌కు పేరున్న స్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూహె విశ్వవిద్యాలయాలు రెండూ అక్కడివే. మెకానికల్ వాళ్ల మనసు ముందు అటే లాగుతుంది, ఏం చేస్తాం!

సమాధానం 3: మా అమ్మాయి ఆఖెన్‌లో చదువుతోంది బాబూ. ఆవకాయ, కుక్కరు తర్వాత సర్దుకోవచ్చు. సీటు ఖాయమైన రోజే విద్యార్థి వసతి గృహానికి దరఖాస్తు పెట్టు. గది దొరకడం సీటు దొరకడం కంటే కష్టం.